దానమా, వాపసా? పోచంపల్లి వంద ఎకరాల నుంచి మనం అడగాల్సిన ప్రశ్న

కొంచెం పెద్ద పోస్టు. ఓపికగా చదవండి.

హాస్టల్లో ఉండి చదువుకునే మనకందరికీ ఒక మాట ఎదురైతనే ఉంటది. "మీకేంది, అన్నం ఫ్రీ, ఫీజు ఫ్రీ, అన్నీ సర్కారే దానం చేస్తున్నది" అంటరు. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకని చాన రోజులు ఈ మాటకు మా కాడ జవాబు లేకుండె. తల దించుకునేటోళ్లం. ఇదిట్ల ఉండగా గ్రూపులో ఇంకో ముచ్చట నడుస్తున్నది. మనలో చర్చికి పోయేటోళ్లున్నరు, సేవాలాల్ మహరాజ్‌ను కొలిచేటోళ్లున్నరు, ఏ గుడికీ పోనోళ్లూ ఉన్నరు. మతం మాట రాజకీయంలోకి రావాలెనా, వస్తే పేదోడికి ఏమన్నా అక్కరకొస్తదా అని వాదన. ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఊరి చరిత్రలో కలుస్తయని మాకు అనిపించింది. ఆ ఊరు మన పోచంపల్లి.

1951 ఏప్రిల్ 18

పోచంపల్లి అంటే లోకానికి ఇక్కత్ చీర. ఊరి పేరుకు ముందు "భూదాన్" అనే మాట ఎట్ల వచ్చిందో మాత్రం మన తోటి పిల్లల్లో చాలామందికి తెలియదు.

1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వినోబా భావే దానికి వార్ధా దిక్కు నుంచి నడుచుకుంటూ వచ్చారు. సభ అయిపోయినంక తిరిగి రైలెక్కి పోకుండా నల్లగొండ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడి దళితవాడకు పోయి మీకేం కావాలె అని అడిగారు. వాళ్లవి దాదాపు 40 కుటుంబాలు. దున్నుకోవడానికి 80 ఎకరాల భూమి కావాలన్నరు, సగం తరి, సగం ఖుష్కి. సర్కారును అడిగితే ఎప్పుడొస్తదో తెలియదు. అందుకని వినోబా ఊరోళ్ల ముందే ఆ ప్రశ్న పెట్టారు, మీలో ఇచ్చేటోళ్లు ఎవరన్నా ఉన్నరా అని. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదాన ఉద్యమం మొదలైంది అక్కడే. ఆ తర్వాత 51 రోజులు తెలంగాణలో తిరిగి వినోబా 12 వేల ఎకరాలకు పైగా భూమి దానంగా తీసుకున్నారు. సగటున రోజుకు 240 ఎకరాల లెక్క.

పాఠ్యపుస్తకం కథ ఇక్కడ ఆగిపోతది. మనం ఆగొద్దు.

ఆ రోజు ఎందుకు వచ్చింది?

భూమి ఉన్న మనిషి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డడంటే, దాని వెనక ఐదేండ్ల నెత్తురు ఉన్నది. నిజాం పాలనలో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్ల కింద వేల ఎకరాలు, ఊరోళ్ల మీద వెట్టి. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినంక పోరాటం అంటుకున్నది. అందులో మన తండాలు కూడా ఉన్నయి. విసునూరు దేశ్‌ముఖ్ ధర్మాపురం తండా లంబాడీల భూమి గుంజుకోవాలని చూస్తే తండా ఎదురు తిరిగింది. ఆ పోరులో జాటోతు ఠాణు నాయక్ ప్రాణం ఇచ్చాడు. మూడు వేల ఊర్లల్ల పది లక్షల ఎకరాలు పంచినమని ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయినంక మిలిటరీ వచ్చింది, దాని వెంబడే దొరలూ తిరిగొచ్చారు. పంచిన భూములు చాలా చోట్ల మళ్లీ చేతులు మారినయి. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అందరికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. జనం మనసు ఎటు దిక్కున్నదో అదే సాక్ష్యం.

అంటే పోచంపల్లి దానం పోరాటానికీ ఎన్నికకూ నడుమ పుట్టింది. భయం కొంత, మంచితనం కొంత, కాలం మారిందన్న ఎరుక కొంత. ఇచ్చినాయన్ను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. ఒక మనిషి ఇచ్చే చెయ్యి చాచడానికి ముందు ఎంతమంది అడిగే గొంతు ఎత్తాల్సి వచ్చిందో యాది పెట్టుకోవాలె.

అడ్డా మీద మిగిలిపోయిన కూలీ

"సర్వోదయ" అనే మాట ఎక్కడిది? చాలామంది మన దేశపు పాత మాట అనుకుంటరు. దాని వేరు ఒకటి బైబిల్‌లో ఉన్నది.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు ఒక కథ చెప్తడు. ద్రాక్షతోట ఆసామి పొద్దుగాల అడ్డా మీదికి పోయి కూలీలను మాట్లాడుకుంటడు, ఒక దినం కూలీ ఇస్తనని. మళ్ల తొమ్మిదింటికి, మధ్యాహ్నం, మూడింటికి పోతడు. పొద్దు గూకేముందు పోతే ఇంకా కొందరు నిలబడే ఉంటరు. ఎందుకు ఉత్తగ నిలబడ్డరంటే, మమ్మల్ని ఎవరూ పిలవలేదంటరు. వాళ్లనూ తీసుకపోతడు. సాయంత్రం అందరికీ ఒకటే కూలీ ఇస్తడు. పొద్దుటి నుంచి చేసినోళ్లు గులుగుతరు. ఆసామి తన లెక్క మార్చడు.

మన అమ్మనాయినలు హైదరాబాద్‌లో అడ్డా మీద నిలబడ్డోళ్లే. ఈ కథ మనకు ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు. ఆఖరు దాకా ఎవరూ పిలవనోడు ఎవడు? ముసలోడు, బక్కోడు, కాలు కుంటోడు, చంకలో బిడ్డ ఉన్న తల్లి. వాళ్లకు గంట పని దొరికినా ఇంట్ల పొయ్యి మాత్రం దినమంతటిది. కూలీని చేసిన గంటలతో కాకుండా బతకడానికి కావాల్సిన దానితో కొలిచాడు ఆ ఆసామి.

ఈ కథలోని మాటనే పేరుగా పెట్టి ఇంగ్లండ్‌లో జాన్ రస్కిన్ 1860లో ఆర్థికనీతి మీద వ్యాసాలు రాశాడు. 1904లో దక్షిణాఫ్రికాలో రైల్లో పోతూ గాంధీ ఆ పుస్తకం చదివారు. చదివి ఫీనిక్స్ ఆశ్రమం పెట్టారు. 1908లో దాన్ని గుజరాతీలో తన మాటల్లో రాసి "సర్వోదయ" అని పేరు పెట్టారు. ఆ సర్వోదయాన్నే వినోబా నడకతో పోచంపల్లికి తెచ్చారు. వినోబా క్రైస్తవుడు కాదు, కానీ క్రైస్తవ బోధల సారాన్ని ఒక పుస్తకంగా కూర్చినాయన. పాలస్తీనా అడ్డా మీది కూలీ కథ లండన్, డర్బన్, వార్ధా తిరిగి నల్లగొండ జిల్లా దళితవాడ దాకా వచ్చిందన్నమాట. ఒక నీతి మతం గోడలు దాటి ఎంత దూరం పోతదో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు.

దానం ఎక్కడ ఆగిపోయింది?

1957 నాటికి దేశంలో 5 కోట్ల ఎకరాలు సేకరించాలని భూదాన లక్ష్యం. వచ్చింది 42 లక్షల ఎకరాల దాకా. అందులోనూ రాళ్లగుట్టలు, కోర్టు కేసుల్లో ఉన్నవి, కాగితం మీద తప్ప నేల మీద కనపడనివి ఎన్నో. పేదోళ్ల చేతికి చేరింది వచ్చినదానిలో కొంతే. మన దగ్గర 1965లో భూదాన్, గ్రామదాన్ చట్టం చేసి బోర్డు పెట్టారు. భూదాన్ భూమి తండ్రి నుంచి కొడుక్కు పోవాలె గాని అమ్మడానికి వీల్లేదు. అయినా భూముల ధరలు పెరిగినంక హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన్ భూముల మీద ఎన్ని తగాదాలు, ఎన్ని కేసులో పేపర్లలో చూస్తనే ఉన్నం.

మన సంగతి ఇంకో తీరు. 1951లో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో లేనే లేరు. 1976 సవరణ చట్టంతో గాని మనం ఆ జాబితాలోకి రాలేదు. తండా తండాగా గ్రామ పంచాయతీ కావడానికి 2018 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. దానం చేసేటోడు తన కంటికి కనబడ్డోడికే ఇస్తడు. ఊరి బయట గుట్ట కింద ఉన్న తండా దాత కంటికి ఆనదు. చట్టం ముందు మాత్రం కనపడకుండా ఉండాల్సిన పని లేదు, జాబితాలో పేరుంటే చాలు. దానానికీ హక్కుకూ మాకు తెలిసిన మొదటి తేడా ఇదే.

జక్కయ్య లెక్క, నాబోతు పొలం

క్రైస్తవ సామాజిక నీతి అంటే బీదోడికి బిచ్చం వెయ్యమనడమేనా? బైబిల్ కథలే వేరే తీరుగ చెప్తున్నయి. మూడు చూద్దాం.

మొదటిది జక్కయ్య. లూకా సువార్త 19వ అధ్యాయం. పన్నులు వసూలు చేసి జనాన్ని పిండుకొని ధనవంతుడైనోడు. యేసు ఆయన ఇంటికి పోయినంక రెండు పనులు చేస్తనంటడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తడు. అన్యాయంగా తీసుకున్నోళ్లకు నాలుగంతలు తిరిగిస్తడు. ఈ రెండూ ఒకటి కాదు. సగం ఇచ్చుడు దానం. నాలుగంతలు తిరిగిచ్చుడు వాపసు. దానం తీసుకున్నోడు మొక్కాలె. వాపసు తీసుకున్నోడు మొక్కాల్సిన పని లేదు, తన సొమ్మే కాబట్టి.

రెండోది నాబోతు. రాజు కోటకు ఆనుకొని నాబోతు అనే రైతు ద్రాక్షతోట. అమ్మమని రాజు అడిగితే, తాతల నాటి భూమి ఇవ్వనన్నడు. రాణి దొంగ సాక్షులను పెట్టి, తప్పుడు కేసు కట్టించి, ఆయన్ను రాళ్లతో కొట్టించి చంపించింది. అప్పుడు ఏలీయా అనే ప్రవక్త రాజు ముఖం మీదే చంపి భూమి గుంజుకున్నవని అడిగాడు. మన తండాల్లో అసైన్డ్ భూముల చరిత్ర తెలిసినోళ్లకు ఇది వేల ఏండ్ల కింది కథ అనిపించదు. ప్రవక్త రాజును మంచిగ ఉండు అని బతిమిలాడలేదు, నేరానికి పేరు పెట్టి పిలిచాడు. మతం రాజకీయంలో చేయగలిగిన పని ఇదొకటి. గద్దె ఎక్కడం దాని పని కాదు, గద్దె మీద ఉన్నోడిని ప్రశ్నించడం దాని పని.

మూడోది 50వ ఏడు పద్ధతి, లేవీయకాండం 25వ అధ్యాయం. అప్పులపాలై అమ్ముకున్న భూమి 50వ ఏట మళ్లీ ఆ కుటుంబానికే రావాలె. భూమి దేవునిది, శాశ్వతంగా అమ్మడానికి లేదన్నది దాని ఆధారం. అమ్మకం చెల్లినా భూమి తిరిగి రావాల్సిందేనని ఒక పాత చట్టం చెప్పిందంటే, మన 1/70 చట్టం ఎవరి కాళ్లూ పట్టుకొని తెచ్చుకున్న దయ కాదని, మనుషులు ఎప్పటినుంచో వెతుకుతున్న న్యాయమేనని అర్థమైతది.

గుణపాఠం చట్టంలోకి ఎక్కించినోళ్లు

ఈ నీతిని చట్టం దాకా తీసుకపోయిన ఒక క్రైస్తవుని పేరు మన పుస్తకాల్లో తక్కువ కనపడతది. జె.సి. కుమారప్ప. 1892లో తంజావూరులో పుట్టారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. గాంధీ వెంబడి గ్రామ పరిశ్రమల పని చేశారు. యేసు బోధలను బతుకులో ఎట్ల పెట్టాలో పుస్తకం రాశారు. స్వాతంత్ర్యం వచ్చినంక కాంగ్రెస్ వేసిన భూసంస్కరణల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1949లో ఆ కమిటీ ఏం చెప్పింది? నడుమ దళారులు పోవాలె, దున్నేటోడిదే భూమి కావాలె, ఒక మనిషి కింద ఉండే భూమికి గరిష్ఠ పరిమితి ఉండాలె. పోచంపల్లి దానానికి రెండేండ్ల ముందటి మాట ఇది. మన రాష్ట్రంలో గట్టి సీలింగు చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. నడుమ ఉన్న 24 ఏండ్లల్ల బినామీ పేర్ల మీదికి ఎంత భూమి మారి ఉంటదో ఊర్లల్ల పెద్దమనుషులను అడగండి.

ఇంకొకాయన జైపాల్ సింగ్ ముండా. జార్ఖండ్ ఆదివాసీ, క్రైస్తవుడు. మిషన్ బడిలో చదివి ఆక్స్‌ఫర్డ్ దాకా పోయాడు. 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకు కెప్టెన్. మిషనరీలు ఆయన్ను పాదిరి చేద్దామనుకుంటే ఆయన ఆదివాసీ మహాసభ నాయకుడైనాడు. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో నిలబడి, ప్రజాస్వామ్యం మీరు ఆదివాసీలకు నేర్పేది కాదు, వాళ్ల దగ్గర మీరు నేర్చుకోవాల్సింది అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడాడు. క్రైస్తవుల కోసం సీట్లు అడగలేదు, ఆదివాసీల కోసం అడిగాడు.

మన దగ్గర డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కూడా అదే దారిలో ఆలోచించారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నారు. చర్చి ఒక ఓటు గుంపుగా మారితే దాని గొంతు పోతదని ఆయన భయం. ఇక్కడ ఒక తేడా గమనించాలె. కులం వల్ల, తెగ వల్ల అణచబడ్డోళ్లకు రిజర్వేషన్ కావాలనడం వేరు, మతం పేరుతో ఓట్లు కట్టకట్టడం వేరు. ఎస్టీ హోదాకు మతం షరతు లేదు. సేవాలాల్‌ను మొక్కినా, చర్చికి పోయినా మనం ఎస్టీలమే. ఈ సంగతి తెలియక మనలో మనం కొట్లాడుకోవద్దు.

చర్చి తప్పులు కూడా చెప్పాలె

ఒక దిక్కే చెప్తే చరిత్ర కాదు. అదే బైబిల్ చేతిలో పట్టుకొని అమెరికాలో నల్లోళ్లను బానిసలుగా అమ్మిన్రు. మన తెలుగు నేల మీద మాల చర్చి, మాదిగ చర్చి అని వేరువేరు కట్టుకున్న ఊర్లున్నయి. గుడిసెలో ఉన్నోడికి పరలోకం చూపెట్టి పట్టా సంగతి మరిచిపోయిన బోధకులూ ఉన్నరు. గుర్రం జాషువా క్రైస్తవ ఇంట్ల పుట్టినా, కులం పేరుతో బయటోళ్లూ, రాసిన విషయం పేరుతో సొంతోళ్లూ ఆయన్ను బాధపెట్టిన్రు.

కాబట్టి మేము చెప్పేది ఏ మతంలోకీ రమ్మని కాదు. ఒక నీతి నిజంగ పనిచేస్తున్నదా లేదా చూడడానికి కొలత ఒకటే: అడ్డా మీద ఆఖరుకు మిగిలిన మనిషి ఇంటికి ఆ రోజు కూలీ పోయిందా లేదా. పోతే ఆ నీతి ఎక్కడి నుంచి వచ్చినా మనదే. పోకపోతే మన తాతలు చెప్పిందైనా సరే ప్రశ్నించాలె.

పోచంపల్లి విత్తనం జార్జియాలో

ఆఖరుగా మాకు బాగా నచ్చిన చరిత్ర. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చినప్పుడు వినోబాను కలిశారు. కింగ్ వృత్తిరీత్యా పాస్టర్. ఆయన ఉద్యమం తెల్లోళ్ల దయ అడగలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చేదాకా పోరాడింది.

ఆ ఉద్యమం నుంచే వచ్చిన పాస్టర్ చార్లెస్ షెరాడ్, ఆయన తోటివాళ్లు 1969లో జార్జియా రాష్ట్రంలో "న్యూ కమ్యూనిటీస్" అని ఒక సంస్థ పెట్టారు. వాళ్లకు దారి చూపినవాటిలో వినోబా గ్రామదానం ఒకటి. గ్రామదానం అంటే భూమి ఊరందరి పేరు మీద ఉంటది, ఒక్కడు అమ్మలేడు. 1950లల్ల ఒడిశా కోరాపుట్‌లో ఆదివాసీ ఊర్లు వందల లెక్కన గ్రామదానం అయినయి. భూమి ఉమ్మడిది అనే మాట వాళ్లకు కొత్త కాదు కాబట్టి. జార్జియాలో నల్ల రైతులు ఆ పద్ధతిలో దాదాపు 5,700 ఎకరాలు కొన్నరు. కరువు వచ్చింది, సర్కారు అప్పు ఇచ్చే కాడ నల్లోళ్లకు వివక్ష చూపింది. 1985లో ఆ భూమి పోయింది. వాళ్లు ఊకోలేదు, కేసు నడిపిన్రు. 2009లో వాళ్లకు 1.2 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. పోయినదానికి వచ్చిన సొమ్ము అది. జక్కయ్య లెక్కలో వాపసు.

ఇప్పుడు మనం ఏం చేద్దాం

మాకు తోచినవి చెప్తం. మీకు తోచినవి కింద రాయండి.

ఒకటి, మీ ఊర్లో భూదాన్ భూమి, అసైన్డ్ భూమి ఎంత ఉన్నదో తెలుసుకోండి. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఇప్పటి రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు ఎక్కడ మారిందో అక్కడ ఆగండి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాయడం రాకపోతే గ్రూపులో అడగండి, కలిసి రాద్దాం.

రెండు, ఓటు అడగడానికి వచ్చినోళ్లను, ప్రార్థన చేయడానికి వచ్చినోళ్లను, జెండా కట్టడానికి వచ్చినోళ్లను ఒకటే అడుగుదాం: అడ్డా మీద మిగిలినోడి సంగతేంది?

మూడు, మనలో ఎవరు ఏ దేవుణ్ణి మొక్కినా పట్టా, పోడు, స్కాలర్‌షిప్ ముచ్చట వచ్చినప్పుడు ఒక్క గొంతుతో ఉందాం. జైపాల్ సింగ్ చూపించిన దారి అదే.

ఇగ "అన్నీ ఫ్రీ, సర్కారు దానం" అన్నోళ్లకు జవాబు. మన తాతలు వెట్టి చేసిన్రు, కూలీ రాలేదు. దున్నిన భూమికి పట్టా రాలేదు. బడి తండా దాకా రాలేదు. హాస్టల్ అన్నం ఆ పాత బాకీలో తిరిగొచ్చిన చిన్న కిస్తు. తల దించుకోవాల్సిన పని లేదు. కిస్తులు ఇంకా చాన మిగిలున్నయి, వసూలు చేసే పని మన చదువుది.